నీలవేణి సున్నా అని రాసిన చోట

మా స్టాఫ్ రూములో ఫిజిక్స్ చెప్పే నీలవేణిది నా పక్క బల్ల. నేను తెలుగు చెబుతాను. అనకాపల్లిలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్క ఫ్యాను, అదీ తిరిగినప్పుడు. ఏడేళ్లుగా ఆమె సెలవు దొరికినప్పుడల్లా విశాఖపట్నం వెళ్లివస్తూ పీహెచ్‌డీ చేస్తోంది. దేనిమీదమ్మా అంటే ఆక్సియాన్ అంది. ఉందో లేదో ఇంతవరకూ ఎవరూ చూడని కణమట. "చూడని దానికి బరువు కడుతున్నావా తల్లీ, మా కవులే నయం" అని ఏడిపించేవాణ్ణి. ఆమె నవ్వేది.

మొన్న ఆగస్టులో ఆ నవ్వు ఆగిపోయింది. టిఫిన్ బాక్సు తెచ్చింది తెచ్చినట్టే పట్టుకుపోయేది. మూడోరోజుకి నాకు ఒళ్లు మండింది. "ఏమిటమ్మా, ఎవర్నైనా చంపేవా?" అన్నాను.

భయపడితే నీలవేణికి వాళ్లూరు మునగపాక మాట బయటికొచ్చేస్తుంది. "తప్పు సేసేను మేస్టారూ. ఎవులికీ తెల్దు" అంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఇలాంటి లెక్కల్లో జవాబు ఒక్కసారిగా తేలదు. మొదట ఒక ఉజ్జాయింపు, దానికి చిన్న సవరణ, దానికి మరింత చిన్న సవరణ, ఇలా మెట్టు మెట్టుగా వెళ్తారు. కానీ కొన్ని ప్రభావాలు ఎన్ని మెట్లు ఎక్కినా కనపడవు. ప్రతి మెట్టు మీదా సున్నాయే వస్తుంది. అయినా అవి ఉంటాయి. గోడ దూకలేని కణం గోడలోంచే అవతలికి చేరడంలాంటివి. వాటిని వేరే దారిలో లెక్కకట్టాలి. ఆక్సియాన్‌కి బరువొచ్చేదే అలాంటి ప్రభావం వల్ల. నీలవేణి నమూనాలో అవి రెండున్నాయి. ఒకదాన్ని సరిగ్గానే కట్టింది. రెండోదానికి మూడు మెట్లు చూసింది, మూడుచోట్లా సున్నా వచ్చింది, సున్నా అని రాసి ముందుకెళ్లిపోయింది. ఇప్పుడు సరైన దారిలో కట్టిచూస్తే అది చిన్నదేం కాదు. దాన్ని కలిపితే ఆక్సియాన్ ఏ పనికోసం ఉందనుకున్నారో ఆ పనే చెయ్యదు.

"మెట్లమీద కనపడదని నీకు తెలియదా?" అన్నాను.

"తెలుసు మేస్టారూ. పిల్లలకి పాఠం సెప్తాను కూడాను."

మరెందుకు చేసిందంటే, ఆమె తండ్రి ఎర్రయ్య మునగపాకలో బెల్లం వండుతాడు. పెనంలో పాకం అయిందో లేదో చూడ్డానికి పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తారు. అది ఉండకట్టాలి. ఎర్రయ్య మూడు చుక్కలు వేస్తాడు. "మూడూ ఒక్కలాగుంటే మరేటి సూత్తావు, దింపీ" అంటాడు. పదేళ్లప్పట్నుంచీ ఆ పళ్లెం పట్టుకున్నది నీలవేణే. బెల్లానికి ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. చదువెంత ఉన్నా చెయ్యి మాత్రం ఎర్రయ్య కూతురిదే.

వైవాకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆమెను అంతకన్నా భయపెడుతున్నది పావని. ఈమె గైడు దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, నీలవేణి అచ్చువేసిన సూత్రం మీదే తన థీసిస్ అంతా కట్టుకుంటోంది. "ఆ పిల్లకి సెప్పాల మేస్టారూ. సెప్తే నాది పోద్ది. ఏడేళ్లండి."

వైవా అయ్యాక చెప్పుదువుగానిలే అన్నాను.

వైవాకి ముందురోజు, ఇక ఉండబట్టలేక, నా ఎదుటే స్పీకర్ పెట్టి గైడు త్రినాధరావు గారికి ఫోన్ చేసి అంతా చెప్పేసింది. "ఆ సున్నా నేను పోయినేడాదే చూసేనమ్మా" అన్నారాయన మెల్లగా. "ఎగ్జామినర్లు అంత లోతుకి వెళ్లరు. నువ్వు కదిలించకు."

ఆమె ఫోన్ పెట్టేసింది. "ఇన్నాళ్లూ దొరికిపోతానని బయం మేస్టారూ. ఇప్పుడు ఎప్పటికీ దొరకనేమోనని బయం" అంది.

వైవాకి నేనూ వెళ్లాను. ఎగ్జామినర్లు బాగుందన్నారు. ఆ సున్నా గురించి ఒక్క ప్రశ్నా రాలేదు. ఇంకేమైనా చెబుతారా అని మర్యాదకి అడిగారు. నీలవేణి బోర్డు దగ్గరికి వెళ్లింది. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. వదిలేసిన పదాన్ని రాసి, నమూనా ఎక్కడ కూలిందో తానే చూపించింది. త్రినాధరావు గారు బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. ఎగ్జామినర్లు అరగంట గుసగుసలాడుకుని, ఇప్పుడు డిగ్రీ ఇవ్వలేమనీ, పని మళ్లీ చేసుకుని ఏడాది తర్వాత రమ్మనీ చెప్పారు.

బయట వరండాలో పావని నిలబడి ఉంది, లోపల జరిగిందంతా విన్నట్టుంది. బైండు చేయించిన థీసిస్ కాపీలు గుండెకి అదుముకుని ఉంది. "ఇవాళ సాయంత్రం సబ్మిట్ చేద్దామనుకున్నాను మేడమ్" అంది. "మీకెప్పుడు తెలిసింది?"

"పదకొండు రోజులైంది."

"ఈ పదకొండు రోజుల్లో మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను కదా మేడమ్. ఆ సూత్రమే అడిగాను. వాడుకోమన్నారు."

నీలవేణి తలెత్తలేదు. "బయమేసిందమ్మా" అంది.

ఆగమన్నది నేనేనని ఆ పిల్లకి చెప్పాలి. నోరు తెరిచాను. పావని నావైపు చూసింది. నాకూ భయమేసింది. ఏమీ చెప్పలేకపోయాను.