పసుపు కాళ్లు

బోర్డుల పెయింటర్‌కి అరవై నాలుగేళ్లు. ఒకప్పుడు బజారులో సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే. ఫ్లెక్సీలొచ్చి పని తగ్గింది. ఆ తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలై, మిగిలిన కాస్తా పోయింది. భార్య పోయి మూడేళ్లు. మేడమీద వాటాలో బట్టలు కుట్టే చెల్లెలే ఇప్పుడు ఆయన్ని కనిపెట్టుకుని ఉంటోంది. పొద్దస్తమానం మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే అన్నను చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది.

"డాక్టరు నడవమన్నాడా లేదా? ఆదివారం ఆ సముద్రం పక్క మడుగుల దగ్గరికి పోదాం. అక్కడ పిట్టల బోర్డులన్నీ నువ్వేగా వేసింది."

"వేశాను. ఎప్పుడూ చూడలేదు."

నిజమే. ఇరవై రెండేళ్ల కిందట పక్షుల రక్షణ ఆఫీసువాళ్లు నలుపు తెలుపు ఫొటోలు ఇచ్చి, నలభై బోర్డులు వేయించుకున్నారు. ఆయన కొట్టు గడప దాటకుండానే అన్నీ పూర్తిచేశాడు. పొడుగుకాళ్ల పిట్ట దగ్గర మాత్రం ఆగి, కాళ్లు ఏ రంగని అడిగితే, వచ్చిన గుమాస్తా "పసుపే వెయ్యండి, ఎవరు చూడొచ్చారు" అన్నాడు.

ఆదివారం ఆకాశం మబ్బుపట్టి ఉంది. గేటు దగ్గర గార్డమ్మ తప్ప మనిషి లేడు. పొదల మధ్య చెక్కబాట మీద అన్నాచెల్లెళ్లు మెల్లగా నడిచారు. రెండు వైపులా ఉప్పునీటి బురద, దాని మీద పాచి వాసన. అంచులు తుప్పుపట్టి, రంగు వెలిసి, బోర్డులు వరసగా కనిపించాయి. ఒక్కొక్కదాని ముందు ఆయన ఆగాడు. మెడ వంపు, రెక్క మడత, అన్నీ సరిగ్గానే కుదిరాయి. మొహంలో కాస్త కళ వచ్చింది.

పొడుగుకాళ్ల పిట్ట బోర్డు దగ్గరికి వచ్చేసరికి, ఎదురుగా బురదలో ఆ పిట్టే నిలబడి ఉంది. దాని కాళ్లు లేత గులాబీ రంగు.

ఆయన బోర్డునూ పిట్టనూ మార్చి మార్చి చూశాడు. వెనకాలే వచ్చిన గార్డమ్మను అడిగాడు.

"తప్పని ఎవరూ చెప్పలేదా అమ్మా?"

"చెప్పేదేముంది పెద్దాయనా. స్కూలు పిల్లలు ఆ పిట్టను ఎదురుగా పెట్టుకుని, పసుపు కాళ్ల పిట్టేదని నన్నడుగుతారు. ఇవాళ రాలేదని చెప్పేస్తాను." ఆమె నవ్వి, ఆయన మొహం చూసి ఆపేసింది. "అయినా వచ్చే వారం ఇవన్నీ పీకేసి కొత్తవి పెడుతున్నారులెండి."

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. "ఇరవై రెండేళ్లు ఎంతమంది పిల్లలకి అబద్ధం చెప్పానో" అన్నాడు.

"తీసేసేదానికి దిగులెందుకన్నయ్యా?"

"తీసేసేదాకా అది నాదేగా."

మంగళవారం ఇద్దరూ గులాబీ రంగు డబ్బా, సన్న బ్రష్షు పట్టుకుని మళ్లీ వెళ్లారు. గార్డమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. చెయ్యి వణికి మొదటి గీతే పక్కకు జారింది. చెల్లెలు మోచెయ్యి పట్టుకుంది. ఒక కాలు పూర్తయ్యేసరికి గంట పట్టింది. మోకాలి దగ్గర వంకర, మడమ దగ్గర మరక. రెండో కాలు సగంలో ఉండగా చెయ్యి పూర్తిగా మాట వినడం మానేసింది. ఆయన బ్రష్షు కింద పెట్టి చెక్కబాట మీదే కూర్చుండిపోయాడు.

"నేను పూర్తిచెయ్యనా?" అంది చెల్లెలు.

"వద్దు."

కాస్త దూరంలో బురదలో ఆ పిట్టలు నాలుగు మేస్తున్నాయి. ఆయన వాటివైపు చూడలేదు.

గార్డమ్మ అన్నట్టే కొత్త బోర్డులు వచ్చాయి. అచ్చువేసినవి, కాళ్లు గులాబీవే. ఆయన మళ్లీ అటు వెళ్లలేదు. చెల్లెలే ఒకసారి వెళ్లింది. పాత బోర్డుల్లో ఒకటి దారిలో ఒక పంపుసెట్టు గుడిసెకు వానచాటుగా మేకులు కొట్టి ఉంది. వచ్చి ఆ సంగతి చెప్పింది.

"బొమ్మ ఎటువైపుంది?" అని అడిగాడు.

"లోపలికి."

"అయితే తడవదు" అన్నాడు. దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.