జల్లించని సోల

మా వంటింట్లో జల్లెడ అంచు మీద అరచెయ్యి పడే చప్పుడు వినిపిస్తే నా కలం ఆగిపోతుంది. మైదా వాసన కూడా తోడైతే ఇక ఆ పూట రాత సాగదు. నరసరావుపేటలో మా పక్కింటి రాహేలమ్మ టీచరుగారు గుర్తొస్తారు. ఎనిమిదో తరగతిలో నాకు సైన్సు చెప్పారు. ఆమె దేవుణ్ణి నమ్మిన మనిషి. నేను దేన్నీ ఊరికే నమ్మకుండా పెరిగింది మాత్రం ఆమె వల్లే. ఏ జవాబు చెప్పినా "ఎవరు చెప్పారన్నది కాదురా, ఎట్లా తెలిసిందో చెప్పు" అనేవారు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే ఇన్నేళ్లుగా బాబాలతో, జాతకాలతో, తాయెత్తులతో కొట్లాడుతున్నాను.

రిటైరయ్యాక ఆమె క్రిస్మస్‌కు కేకులు చేసేవారు. పిండి ఇంట్లో కలిపి, రేకు డబ్బాల్లో పోసి, కాల్చడానికి బజారులోని బేకరీకి పంపేవారు. కొలతంతా ఒక ఇత్తడి సోలతోనే. చూపు మసకబారాక ఆ పనిని సువార్తకు నేర్పాలనుకున్నారు. సువార్తది మా వీధే. భర్త పోయాక మిరప కోతలకు వెళ్లేది. కేకులతో ఆమెకు ఆ ఎండ తప్పుతుందని టీచరుగారి ఆశ. కానీ సువార్త సోల పట్టిందంటే గోపురంలా నింపేది. అంచుకు గీసి కొలవడం మావైపు పిసినారితనం కింద లెక్క.

"ఏందే, కేకు పిండికి గూడా కొసరేస్తావా?" అన్నారు టీచరుగారు.

"గీసి కొలిస్తే ఇంటికి అరిష్టం టీచరమ్మా!"

నేను మూఢనమ్మకాల మీద అక్కడికక్కడే ఉపన్యాసం అందుకున్నాను.

"నీ ఉపన్యాసం తర్వాత. నీ దగ్గర కరెంటు కాటా ఉందిగా, సోలలన్నీ గ్రాముల్లోకి మార్చి రాసిపెట్టు. కాటాకు కొసరు తెలవదు" అన్నారు ఆమె. ఆగి మళ్లీ అన్నారు: "నేను దగ్గరున్నప్పుడే తూచు. సోలను కాదురా, నా చేతిని తూచాలి."

కాటా పట్టుకెళ్లిన రోజు ఆమె ప్రార్థన కూటానికి వెళ్లారు. సాయంత్రం మాచర్లలో నా ప్రసంగం ఉంది, శాస్త్రీయ దృక్పథం మీద. బస్సుకు టైమవుతోంది. సోలను మైదా సంచిలో ముంచాను, అంచుకు గీశాను, తూచాను. పంచదార, కోకో కూడా అట్లాగే తూచి, అంకెలు పెద్దగా రాసి గోడకు అంటించి వెళ్లిపోయాను.

సువార్త ఆ కాగితాన్ని అక్షరం తప్పకుండా పాటించింది. చర్చికి ఒప్పుకున్న కేకులన్నీ ఇటుకల్లా వచ్చాయి.

"నా చేతికి రాదమ్మా ఈ పని" అని ఏడ్చింది.

టీచరుగారు ఒక ముక్క తుంచి చాలాసేపు నమిలారు. "పిండి చానా ఎక్కువైంది. ఒరేయ్, నువ్వు పిండి ఎట్లా తీశావు?"

"మీరు తీసినట్లే."

ఆమె తీస్తుంటే నేను ఒక్కసారైనా సరిగా చూడలేదు. ఎట్లా తెలిసిందని ఆమె అడగలేదు. జీవితంలో మొదటిసారి నా మాట ఊరికే నమ్మారు. "అయితే నా లెక్కే తప్పేమో. కళ్లతో పాటు చెయ్యీ పోయింది" అన్నారు.

జనవరిలో సువార్త మళ్లీ మిరప చేలకు వెళ్లింది. టీచరుగారు ఎండలు ముదరకముందే పోయారు.

ఆమె సోలను ఇంటివాళ్లు నాకిచ్చారు. ఒక మధ్యాహ్నం దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే, ఏళ్ల తరబడి గోడ అవతలి నుంచి విన్న ఆ టపటప చప్పుడు గుర్తొచ్చింది. ఆమె ముందు జల్లించేవారు, ఆ తర్వాతే కొలిచేవారు. మైదా జల్లించి, చెంచాతో వదులుగా సోలలో పోసి, చాకు వీపుతో గీసి తూచాను. సంచిలో ముంచితే మైదా అణిగిపోతుంది; నేను రాసిన అంకె దీనికంటే సోలకు యాభై గ్రాములకు పైగా ఎక్కువ.

సువార్త దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తున్న చెయ్యి ఆపలేదు.

"నాకిప్పుడు చెప్తే ఏం లాభం అన్నా? ఆ ముసలామె చివరిదాకా తన చెయ్యి తడుముకుంటానే పోయింది."

గోడ మీది కాగితం ఇప్పుడు నా దగ్గరుంది. తప్పు అంకె కొట్టేయలేదు, పక్కన సరైనది రాశాను. ఇప్పటికీ వేదికలెక్కుతాను, ఎట్లా తెలిసిందని జనాన్ని అడుగుతాను. అడిగే ముందు జేబులో ఆ కాగితం తగులుతుంది. గొంతు కొంచెం తగ్గుతుంది.