పడటం తెలిసిన మనిషి

చెంగల్రాయప్ప అన్న పోయాడన్న కబురు మదనపల్లె మార్కెట్టులో, టమోటా వేలం మధ్యలో నాకు అందింది. ఫోను చేసింది ఆయన కూతురు గౌరి. "సిన్నాయనా, నాయన పాయ" అంది. ఫోను పెట్టేసింది. వేలంపాట ఆగిపోయిందని రైతులు నా ముఖం చూస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా అక్కడ ధరలు అరిచేవాణ్ణి నేనే. గుమస్తాకు చేత్తో సైగ చేసి క్రేట్ల మధ్యనే కూర్చుండిపోయాను. నాలుగు రోజుల కిందటే ఆసుపత్రిలో చూసి వచ్చాను. ఎక్కువ రోజులు ఉండడని తెలుసు.

పుంగనూరు వాళ్ళకు ఆయన్ని పరిచయం చేయనక్కరలేదు. ఈ ఉత్సవ సంచిక బయటి ఊళ్ళకు కూడా పోతుంది కాబట్టి చెబుతున్నాను. ఆయన బస్టాండు రోడ్డులో వీడియో క్యాసెట్ల అంగడి నడిపాడు. ధర్మరాజుల గుడి భారతంలో పదిహేడేళ్ళు దుర్యోధనుడి వేషం కట్టాడు. మా వైపు భారతమంటే పద్దెనిమిది రోజుల ఉత్సవం. చివరి రోజు పొద్దున మైదానంలో మట్టితో కొండంత దుర్యోధనుడి బొమ్మను చేసి పడుకోబెడతారు. దాని చుట్టూ భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ గదలతో కలబడతారు. దుర్యోధనుడు కూలిన తరువాత భీముడు బొమ్మ తొడను పగలగొడతాడు, అక్కడితో యుద్ధం ముగుస్తుంది. ఆ పదిహేడేళ్ళలో చివరి తొమ్మిదేళ్ళు భీముణ్ణి నేనే.

మా స్నేహం ఒక క్యాసెట్టుతో మొదలైంది. పరదేశపు కుస్తీల షో అది, నిడివి మూడు గంటలు. బెంగళూరు నుంచి ఎవరి చేతనో తెప్పించాడు. ఆ దేశంలో ఇలాంటి వాటిని పే పర్ వ్యూ అంటారట. ఆ ఒక్క షో కోసం విడిగా రుసుము కట్టినవాళ్ళ టీవీలోనే వస్తుందట. అసలు పేరు ఏదో ఉండేది కానీ మాకది "పెద్ద క్యాసెట్టు". ఆదివారం మధ్యాహ్నాలు అంగడి వెనక గదిలో వేసేవాడు. లారీ డ్రైవర్లు, పాల సొసైటీ వాళ్ళు, నాబోటి మండీ వాళ్ళు చాపల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషు వ్యాఖ్యానం మాలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన శబ్దం తగ్గించి తానే చెప్పేవాడు.

"సూడండప్పా, మొగానికి రంగేసుకున్నోడు వస్తాండాడు. ఇంట్లో కూడు పెట్టలేదేమో, ఈ పొద్దు శానా కోపంగా ఉండాడు!"

ఒకరోజు ఒక డ్రైవరు అడ్డు తగిలాడు. "అన్నా, ఇదంతా ఉత్తుత్తిదే అంట గదా! ఎవురు గెలిచేదీ ముందే మాట్లాడుకుంటారంట!"

"అవునప్పా. మన భారతంలో ఎవురు గెలిచేదీ నీకు తెల్దా? మళ్ళీ యాల వస్తాండావు ప్రతేడూ?"

గదంతా నవ్వింది. నవ్వు తగ్గాక ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "గెలిచేది ముందే రాసిపెట్టిండాది. పడేది మాత్రం ప్రతిసారీ కొత్తగా పడల్ల."

ఆ షోలో చివరిది విజేత నడుముకు కట్టే బెల్టు కోసం జరిగిన పోటీ. ఏళ్ళ తరబడి బెల్టు నిలుపుకున్న నెరసిన గడ్డపు యోధుడు ఒకవైపు, నీలం చెడ్డీ వేసుకున్న పడుచువాడు ఇంకోవైపు. పెద్దవాణ్ణి చూడటానికే జనం వచ్చారు. అరగంట పోరాటం తరువాత పడుచువాడు ఆ భారీ శరీరాన్ని భుజాల మీదికెత్తి కింద వేస్తాడు. న్యాయనిర్ణేత మూడు లెక్కపెడతాడు. బెల్టు చేతులు మారుతుంది. ఆ పడటంలో ఎంత అందముందో! కొండ కూలినట్టు ఉంటుంది, ఎముక మాత్రం విరగదు. మేము గెలిచినవాడికి ఈలలు వేస్తుంటే చెంగల్రాయప్ప అన్న బొత్తాం నొక్కి బొమ్మను నిలిపేవాడు. తెర మీద తెల్లటి గీతలు వణికేవి.

"వాణ్ణి కాదు సిద్దా, ఆ మూల సూడు. పడినోని చెయ్యి సూడు."

గెలిచినవాడి చేతిలో ఉన్న ఓడినవాడి చెయ్యి ఒకసారి బిగుసుకుని వదులయ్యేది. నాకేం కాలేదు, నువ్వు కానివ్వు అని చెప్పడం అది. ఆ చిన్న కదలిక కోసం ఆయన ఆ క్యాసెట్టును వందసార్లు వెనక్కి తిప్పి ఉంటాడు.

మరుసటి భారతంలో భీముడి వేషం నాకు వచ్చింది. ఆ గుర్తును మా యుద్ధంలోకి తెచ్చాడు. దుర్యోధనుడు పడగానే భీముడు ఎగతాళిగా అతని చెయ్యి పట్టి లాగాలి. పడినవాడు ఒకసారి నొక్కితే క్షేమం. రెండుసార్లు నొక్కితే దెబ్బ తగిలింది, త్వరగా ముగించు. నిలబడినవాడు తెలిసిందన్నట్టు తిరిగి ఒకసారి నొక్కాలి. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. వేల మంది చూస్తుండగా ఎవరికీ కనబడని మాట అది.

పడటం నేర్పడానికి నన్ను నూనె మిల్లు వెనక శెనక్కాయ పొట్టు కుప్ప దగ్గరికి తీసుకుపోయేవాడు. "అన్నా, నేను భీముణ్ణి గదా, నాకెందుకు పడేది?" అని నవ్వేవాణ్ణి. "పడను తెలీనోనికి పడెయ్యను రాదప్పా. గడ్డం గుండెకు ఆనించు. ఊపిరి ఇడిసిపెట్టు. అరచేతులు రెండూ నేలకు కొట్టు. ఊ, పడు" అనేవాడు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి పదిసార్లు పడి, పదిసార్లు లేచి, పంచెకు అంటిన పొట్టు దులుపుకునేవాడు. నేను మూడోసారికే నడుము పట్టుకునేవాణ్ణి.

ఎదుటివాణ్ణి పెద్ద చేయడమే తన పని అనుకునేవాడు. నేను మొదటిసారి భీముడి వేషం కట్టిన రోజు, గద ఎత్తిన తరువాత పద్యం మరిచిపోయాను. దుర్యోధనుడు తొడ చరుచుకుంటూ నా చుట్టూ తిరిగి, నన్ను తిడుతున్నట్టే తిడుతూ, ఆ తిట్టులో నా పద్యం మొదటి పాదాన్ని కలిపి అందించాడు. నేను అందుకున్నాను. జనం నాకు చప్పట్లు కొట్టారు. వేషం తీశాక ఆ సంగతి ఎత్తలేదు. "గొంతు బాగుంది, మండీలో అరిచేది వృథా పోలేదు" అని మాత్రం అన్నాడు.

ఇంతవరకు రాసినది ఎవరైనా రాయగలరు. ఇక రాయబోయేది నేనొక్కణ్ణే రాయాలి.

పద్నాలుగేళ్ళ కిందట కుప్పం అవతల, గుడుపల్లె మండలంలోని ఒక ఊరివాళ్ళు మా బృందాన్ని భారతానికి పిలిచారు. చివరి రోజుకు ముందు మైదానంలో మేం అడుగులు సరిచూసుకుంటుంటే గట్టు మీద నుంచి ఎవరో అరిచారు. "ఏమప్పా, భీముడు కొట్టకముందే దుర్యోధనుడు పడిపోతాండాడే! గదలో గాలుండాదా?" పక్కవాళ్ళు పగలబడి నవ్వారు. చెంగల్రాయప్ప అన్న కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అప్పుడు నాకు నలభై దాటలేదు. మార్కెట్టులో నా మాటకు ఎదురుండేది కాదు. ఆ ఎకసెక్కం నా ఒంట్లో ముల్లులా దిగింది.

సాయంత్రం ఆయనతో అన్నాను. "అన్నా, రేపు నిన్ను ఎత్తి యేస్తాను. పెద్ద క్యాసెట్టులో మాదిరి."

"వద్దు సిద్దా. ఎత్తేది ఎవురైనా ఎత్తుతారు. దించను రావల్ల. అది నీకింకా రాదు."

ఆ మాట నిజం. నాకు అవమానంగా తోచింది.

మరునాడు పొద్దున పది గంటలకు మైదానం నిండిపోయింది. అనుకున్న ప్రకారం నేను గద ఝళిపించాలి, ఆయన వెనక్కి పడాలి. నేను గదను పక్కన పారేసి ఆయన నడుము పట్టుకున్నాను. "సిద్దా, వద్దు" అన్నాడు, నాకు మాత్రమే వినబడేటట్టు. ఎత్తాను. భుజం దాకా లేపాను. జనం ఒక్క గొంతుతో హోరెత్తారు. దించడం చేతకాక వదిలేశాను. మట్టి బొమ్మ గట్టి అంచుకు ఆయన తుంటి తగిలింది. ఆ చప్పుడు నేను విన్నాను.

వంగి చెయ్యి పట్టుకున్నాను. ఆయన నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

రెండుసార్లు. స్పష్టంగా. నాకు తెలిసింది. తిరిగి నొక్కలేదు. పైన తువ్వాళ్ళు ఎగురుతున్నాయి, ఈలలు పడుతున్నాయి, నిన్న ఎగతాళి చేసిన గట్టు మీదనే మనుషులు లేచి నిలబడ్డారు. ఆయన చెయ్యి విదిలించుకుని గద అందుకుని బొమ్మ చుట్టూ తిరిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు. అంతసేపూ ఆయన వేషం చెడకుండా, కిరీటం పక్కకు జారనివ్వకుండా, నోరు మెదపకుండా పడి ఉన్నాడు. నేను బొమ్మ తొడ పగలగొట్టిన తరువాతే కళ్ళు మూశాడు.

కుప్పం ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు. చుట్టూ మూగిన వాళ్ళతో ఆయన ముందే చెప్పేశాడు. "నా కాలే జారింది. సిద్దప్ప ఏం చేస్తాడు పాపం." నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. కాదనలేదు. ఆ సాయంత్రం ఊరివాళ్ళు నాకు శాలువా కప్పితే కప్పించుకున్నాను.

ఆయన మళ్ళీ వేషం కట్టలేదు. కర్ర పట్టుకుని నడిచాడు. ఆయన భార్య రెడ్డెమ్మ వదిన అప్పటినుంచి ఒకే మాటతో సాధించేది. "ఆ కాలేదో సూసుకుని ఎయ్యకూడదా? వయసు మీద పడినాక ఆ గంతులు యాల?" ఆయన నవ్వి ఊరుకునేవాడు. నా ఎదురుగానే అన్నప్పుడు కూడా అంతే. అందుకే నేను ఆ ఇంటికి పోవడం తగ్గించాను. పండగకు టమోటాలు, మామిడిపళ్ళు పంపేవాణ్ణి. మనిషిగా మాత్రం పోలేదు.

చాలా ఏళ్ళ తరువాత పని మీద పుంగనూరు వెళ్ళినప్పుడు ఆయనే రోడ్డు మీద నన్ను చూసి కర్ర ఎత్తి పిలిచాడు. అంగడి అప్పటికి జిరాక్సు, ఫోను రీచార్జీల అంగడి అయింది. క్యాసెట్లు ఆడించే పాత డెక్కు మాత్రం గుడ్డ కప్పుకుని బల్ల కింద ఉంది. "దూది తెచ్చినాను, లోపలి హెడ్డు తుడిచినాను, పాడతాండాది. రా" అన్నాడు. పెద్ద క్యాసెట్టు వేశాడు. రంగులు వెలిసిపోయాయి. ముందు పోటీలన్నీ దాటించి నేరుగా చివరిదానికి పోయాడు. నెరసిన గడ్డపు యోధుడు పడ్డాడు. బొత్తాం నొక్కాడు. తెల్లటి గీతలు వణికాయి.

"ఇప్పుడు గెలిచినోని చెయ్యి సూడు."

నేను అన్నేళ్ళలో ఎన్నడూ చూడనిది అది. జనం హోరెత్తుతున్నా ఆ పడుచువాడు ఇంకా లేవలేదు. అతని వేళ్ళు కూడా ఒకసారి బిగుసుకున్నాయి.

"ముందు జవాబు సెప్పినాడు సూడు. ఆ తరువాతే చెయ్యి పైకెత్తినాడు" అన్నాడు. నా వైపు చూడలేదు. ఆ తునకను ఇంకోసారి వెనక్కి తిప్పి వేశాడు. తరువాత డెక్కు ఆపి, "టీ తాగుతావా?" అని అడిగాడు. పద్నాలుగేళ్ళలో నా తప్పు గురించి ఆయన అన్నది ఆ గెలిచినోని జవాబు మాట ఒక్కటే. దానికీ నేను జవాబు చెప్పలేదు. టీ తాగి బస్సెక్కాను.

ఈ నెలలో ఆయన్ని మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఈసారి చెప్పేయాలని పోయాను. ముక్కుకు గొట్టం ఉంది, మాట లేదు. గౌరి మందుల కోసం కిందికి దిగింది. నేను చెయ్యి పట్టుకుని మాటలు వెతుక్కుంటున్నాను. ఆ వేళ్ళు కదిలాయి. ఒకసారి. మళ్ళీ ఒకసారి. పద్నాలుగేళ్ళ కిందట ఆ మాటను పట్టించుకోని మనిషికే ఆయన మళ్ళీ ఆ మాట చెప్పాడు. నేను తిరిగి ఒకసారి నొక్కి, లేచి పరుగెత్తి నర్సును పిలుచుకొచ్చాను. ఆమె ఏదో సూది వేసింది, నొప్పి తగ్గి నిద్రపోయాడు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే వచ్చేశాను. ఆ తరువాత ఆయన్ని ప్రాణంతో చూడలేదు.

అంత్యక్రియల రోజు జనం పలచబడ్డాక రెడ్డెమ్మ వదిన దగ్గర కూర్చున్నాను. "ఆ కాలు జారకుండా ఉండింటే ఇంకా పదేండ్లు తిరిగిండేవోడు" అంది వదిన, అలవాటు కొద్దీ. అప్పుడు చెప్పాను, మొత్తం. నన్ను తిడుతుందనుకున్నాను, లేచి పొమ్మంటుందనుకున్నాను. ఆమె గోడకు ఆనించిన ఆయన చేతికర్రను అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నేండ్లూ ఆయన్ని గదప్పా తిట్టినాను" అంది.

నా తప్పు ఆయన తుంటి దగ్గరే ఆగలేదని నాకు అప్పుడు తెలిసింది. అది ఆ ఇంట్లో ప్రతిరోజూ అన్నం దగ్గర కూర్చుంది. ఆమె నోటివెంట ఆయన మీద పడింది. ఇప్పుడు తిరిగి ఆమె మీదే పడింది. లేవబోతుంటే వదిన అంది, "నాకొక్కదానికి సెప్పితే సాలదు సిద్దప్పా. నీకు శాలువా కప్పినోళ్ళకీ సెప్పు. ఆయనకు కాలు నిలవదని నవ్వినోళ్ళు శానామంది ఉండారు." ఉత్సవ కమిటీవారు ఈ వ్యాసం అడిగినప్పుడు ఒప్పుకున్నది అందుకే.

ఈ ఏడు భారతంలో దుర్యోధనుడి వేషం వేరొకరు కడతారు. కిరీటం సరిపోతుంది, గద సరిపోతుంది. భీముణ్ణి నేను కాను. ఎవరైనా సరే, చెయ్యి పట్టుకున్నప్పుడు ఆగండి. జవాబు చెప్పిన తరువాతే గద ఎత్తండి. ఆ పద్ధతి ఆయన మాకిచ్చిన విద్య. దాన్ని చెడగొట్టినవాణ్ణి గనుక దాని విలువ నాకు తెలుసు. పదిహేడేళ్ళు వేల మంది కళ్ళముందు ఓడిపోయి, ప్రతిసారీ ఇంకొకరిని గెలిపించిన అలాంటి వేషగాణ్ణి ఈ మైదానం మళ్ళీ చూడదు. ఆ పాదాలకు నా నమస్కారం.

చెంగల్రాయప్ప అన్నకు పడటం తెలుసు. ఆ రోజు ఆయన కాలు జారలేదు. నేను పడేశాను.