కళ్ళజోళ్ళాయన ‘ఏం కాదు’

ముప్పై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ “తల కదపకుండా నా వేలినే చూడండి” అని చెప్పిన కళ్ళజోళ్ళాయనకి ఆ మాట చివరికి తనకే ఎదురైంది. చెప్పింది కూతురి వయసున్న డాక్టరమ్మ. మనసుకు తగిలిన దెబ్బలకి వైద్యం చేస్తుందట. మందుల్లేవు, సూదుల్లేవు. ఎదురుగా కూర్చుని రెండు వేళ్ళు అటూ ఇటూ ఊపుతుంది, అంతే.

“వేళ్ళు మరీ దగ్గరగా పెట్టారమ్మా. మూరెడు దూరం ఉండాలి,” అన్నాడాయన కూర్చోగానే.

“అలాగే బాబాయ్‌గారూ. కానీ ఇవాళ పరీక్ష మీకు,” అని నవ్వి వేళ్ళు వెనక్కి జరిపిందావిడ.

ఆయన జబ్బు పైకి చెప్పుకుంటే నవ్వులాటే. బస్సు బోల్తా పడితే ఒంటి మీద గీత పడకుండా బయటపడ్డాడు. గట్టిపిండం అన్నారు చుట్టాలు. వారం తిరిగాక దుకాణం తెరిస్తే, ఎవరి కంటి ముందుకి అద్దం తీసుకెళ్ళినా చెయ్యి గడగడా వణికేది. కళ్ళకి అద్దాలు పెట్టి బతికేవాడికి కంటి దగ్గర అద్దం చూస్తే భయం! వచ్చినవాళ్ళు మొహమాటంగా లేచి ఎదురు దుకాణానికి వెళ్ళేవాళ్ళు. ఆయన భార్య కళ్ళజోడు పెట్టెలూ తుడిచే గుడ్డలూ అమ్ముతూ కూర్చునేది. ఆ చెయ్యి నిలబడకపోతే దుకాణం మూతే.

“ఆ రోజుది ఏదో ఒకటి మనసులో పెట్టుకుని, వేళ్ళ వెంట చూపు నడపండి. ఏమొస్తే అది రానివ్వండి,” అనేది డాక్టరమ్మ.

మొదటి రెండుసార్లూ ఆయన వేళ్ళు వదిలేసి ఆవిడ కళ్ళే చూశాడు. “మీ ఎడమ కన్ను కాస్త నీరసంగా ఉందమ్మా.”

“నా కన్ను సంగతి తర్వాత. ముందు మీ సంగతి కానివ్వండి.”

మూడోసారి, వేళ్ళ వెంట పోతూ పోతూ చూపు బస్సులోకి వెళ్ళింది. పగిలిన అద్దం. పక్క సీట్లో ఒకావిడ, మొహం నిండా నెత్తురు, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, “అన్నా, నా కన్ను ఉందా?” అంది. ఆయన చూశాడు. ఒక్క చూపులోనే తెలిసిపోయింది. “ఏం కాదమ్మా,” అన్నాడు.

“అబద్ధం చెప్పానమ్మా,” అన్నాడు కుర్చీలోంచి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.

వేళ్ళు మళ్ళీ కదిలాయి. కాసేపటికి ఆయనే అన్నాడు: “మనుషులొచ్చేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు నేను. ఇన్నాళ్ళూ అది గుర్తే లేదు.”

వెళ్ళేముందు అడిగాడు: “ఇదెలా పనిచేస్తుందమ్మా?”

“జ్ఞాపకం ఎక్కడికీ పోదు బాబాయ్‌గారూ. దాని వాడి తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో మాలో మాకే వాదన తెగలేదు.”

తెలియదని చెప్పే డాక్టరు ఆయనకి నచ్చింది. ‘ఏం కాదు’ తప్ప మరో మాట ఎరగని నోటికి అది కొత్త రుచి.

ఇంకో నాలుగు వారాలు వెళ్ళాక, దుకాణంలో కుర్చీ దులిపి భార్యని కూర్చోబెట్టాడు.

“మళ్ళీ వణికితేనో?” అందావిడ.

నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాడు. “వణకొచ్చు. వణికితే ఆపేస్తాను.”

అద్దం కంటి ముందుకి వెళ్ళింది. చెయ్యి నిలబడింది. ఆవిడ గోడ మీది అక్షరాలు పై వరస నుంచి ఆఖరి వరసదాకా గుక్క తిప్పుకోకుండా చదివేసింది. ఆయన మొహం వెలిగి, అంతలోనే అనుమానంతో ముడుచుకుంది.

“చదువుతున్నావా, అప్పజెబుతున్నావా?”

“ఇరవై ఏళ్ళుగా అదే బోర్డు దులుపుతున్నాను, రాకుండా పోతుందా?”

బోర్డు రెండోవైపు తిప్పాడు. రెండో వరసకే ఆవిడ నోరు మూతపడింది.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“నాలుగేళ్ళు. చెప్పానుగా! మీరేగా ‘ఏం కాదు’ అన్నారు.”

ఆయన ఇంకో అద్దం తీశాడు. చెయ్యి వణకలేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.