సన్న ఫోను మోగుతూనే ఉంది

మా తమ్ముడు ఆ ఫోను కొన్న రోజున దాన్ని అమ్మ అరచేతిలో పెట్టి, "బరువుండాదా, చూడుమా" అని అడిగాడు. అమ్మ చెయ్యి పైకీ కిందికీ ఆడించింది. "అప్పడం మాదిరి ఉండాది. కిందపడితే ఏమన్నా మిగులుద్దా?" అంది. వాడు నవ్వాడు.

మాది ఉదయగిరి కొండ కింద పల్లె. నాయన గొర్రెలు మేపుతాడు. ఆయనది బటన్ల ఫోను. రాళ్ల మీద పడినప్పుడల్లా మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరిపోయేవి. ఏరుకుని, పంచెతో తుడిచి మళ్లీ బిగించుకునేవాడు. ఆయన తమ్ముడి ఫోనును తిప్పి తిప్పి చూశాడు.

"దీని బ్యాటరీ యాడుండాదిరా?"

"లోపలే నాయనా. అతికించేసినారు. అందుకే ఇంత సన్నంగా ఉండాది."

"పాడైతే?"

"పాడైతే ఇంకోటి కొంటాం. ఇప్పుడు అందరూ అంతే గదా."

ఆత్మకూరులో కాపురముంటున్న నేను కూడా వాడి పక్షమే మాట్లాడాను. చొక్కా జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అంతకంటే ఏం కావాలి?

మరుసటి ఏడు వానల్లో తమ్ముడికి జ్వరం వచ్చింది. నెల్లూరు తీసుకెళ్లాం. బతికించుకోలేకపోయాం. వాడికింకా పెళ్లి కాలేదు. వాడి బట్టలు అమ్మ ఎవరెవరికో ఇచ్చేసింది, ఫోను మాత్రం ఇవ్వలేదు. అది వాడి వేలు పెడితే తెరుచుకునే ఫోను. వాడి ఫొటోలు, వాడి గొంతు, స్నేహితులతో చేసిన అల్లరి అంతా అందులోనే ఉంది. లోపలికి వెళ్లే దారి మాకెవరికీ తెలియదు. అయినా అమ్మ దాన్ని గోడకున్న ప్లగ్గుకు తగిలించి, రాత్రీ పగలూ తీయకుండా అలాగే ఉంచింది. నంబరు పోకుండా రీఛార్జి నేను చేయిస్తూ వచ్చాను.

ఒకసారి పల్లెకు వెళ్లినప్పుడు, మిట్టమధ్యాహ్నం, ఆ ఫోను మోగింది. తమ్ముడు పెట్టుకున్న పాటే. వెళ్లి చూస్తే తెర మీద "నాయన" అని ఉంది. ఎత్తబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎత్తబాక మే. గొర్రెలు నీడకు నిలబడినప్పుడు చేస్తాడు. రోజూ చేస్తాడు."

"ఎందుకు?"

"నేను అడగలా. ఆయన చెప్పలా."

పాట ఆగిపోయేదాకా ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. సాయంత్రం నాయన వచ్చి కాళ్లు కడుక్కున్నాడు, ఆ గోడ వైపు చూడకుండా అన్నం తిన్నాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు అమ్మ పక్కింటి వాళ్ల ఫోను నుంచి నాకు చేసింది. "వాడి ఫోను లావైపోతా ఉండాది. వెనక అద్దం లేచినాది. లోపలేదో ఊపిరి తీస్తా ఉన్నట్టుండాది. నువ్వొకసారి రా."

వెళ్లాను. నిజంగానే ఒక అంచున సందు విచ్చుకుని ఉంది. ప్లగ్గు నుంచి తీసి, తువాలులో చుట్టి, అమ్మతో కలిసి ఆత్మకూరు బస్సెక్కాను. సంచిలో పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుంది. బస్సు గుంతలో పడినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ఆయన దాన్ని చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "చార్జింగులోనే ఉంచేసినారా? ఉబ్బిపోయినాదక్కా. నిప్పంటుకొనుంటే ఇల్లు పోయుండేది."

"బ్యాటరీ మార్చడానికి కుదరదా?"

"మార్చచ్చు. పాతవాటి మాదిరి గోరుతో మూత తీసేది కాదిది. అంతా బంకే. వేడి చేసి లేపాల. సన్నంగా చేసినారు గదా, లోపల ఇంత సందు కూడా ఉండదు. డిస్‌ప్లే పోయినా పోవచ్చు. మీరు సరేనంటేనే చేస్తా."

అమ్మ "చెయ్యబ్బా" అంది.

ఆయన జాగ్రత్తగానే చేశాడు. అయినా చిటుక్కుమని చప్పుడైంది. కొత్త బ్యాటరీ పడింది కానీ తెర వెలగలేదు. నేను నా ఫోను నుంచి తమ్ముడి నంబరుకు చేశాను. పాట వచ్చింది. నల్లటి అద్దం కింద నుంచి, స్పష్టంగా, వాడి పాట. ఎంత రుద్దినా ఎత్తడం కుదరలేదు. ఆ మోడలు డిస్‌ప్లేలు ఇప్పుడు రావడం లేదని ఆయన చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం పల్లెలో అది మళ్లీ మోగింది. అన్నాళ్లూ మేం కావాలనే ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుదామన్నా కుదరదు. అమ్మ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని బొటనవేలితో అద్దాన్ని రుద్దుతూనే ఉంది. పాట ఆగాక అంది, "వాడే లోపలుండి పలకలేకపోతా ఉన్నట్టుండాది. నేను వినలేను. సిమ్ము తీసేయ్."

నా దగ్గర మూలపడిన లావుపాటి బటన్ల ఫోను ఒకటి ఉంది. తమ్ముడి సిమ్ము దానికి మరీ చిన్నదైంది, చుట్టూ ప్లాస్టిక్ చట్రం పెట్టించాల్సి వచ్చింది. తీసుకెళ్లి అమ్మకిచ్చాను. ఈసారి మోగింది పాట కాదు, మామూలు గంట. అమ్మ కాసేపు చూసి, ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. నాయన మాట నాకూ వినిపించింది.

"ఎవురు?"

"నేనే."

చాలాసేపు కొండ గాలి చప్పుడే వచ్చింది.

"వాడి నంబరు గదా ఇది."

"వాడిదే."

చివరికి నాయన గొంతు సవరించుకున్నాడు. "నల్లది ఈనినాది. రెండు పిల్లలు. ఒకటింకా లేవలా."

"తుడిచి పాలు పట్టించు," అంది అమ్మ.

సన్నదనం వల్ల మాకేం ఒరిగిందా అని అప్పుడప్పుడూ ఆలోచిస్తాను. తమ్ముడి జేబు ఎత్తుగా కనపడలేదు, అంతే. దానికోసం గోరుతో తీసే మూత పోయింది, చేత్తో మార్చుకునే బ్యాటరీ పోయింది, మెమరీ కార్డు పెట్టుకునే సందు పోయింది. ఆ కార్డుండి ఉంటే వాడి ఫొటోలన్నా మాకు మిగిలేవేమో. కానీ అది చేతిలో ఉన్నన్నాళ్లూ వాడు మురిసిపోయాడు. అదీ నిజమే. అందుకే ఆ ఫోనును తిట్టడానికి నోరు రాదు.

ఇప్పుడు అమ్మ నాతో ఆ నంబరు నుంచే మాట్లాడుతుంది. నా ఫోనులో ఆ పేరు నేను మార్చలేదు. వంట చేస్తుంటేనో, బజారులో ఉన్నప్పుడో ఫోను మోగుతుంది. తీసి చూస్తే "తమ్ముడు" అని ఉంటుంది. ఎత్తేలోపు ఒక్క క్షణం నేను ఎవరి గొంతు కోసం ఎదురుచూస్తానో అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.