పెద్దాయన పట్టుకుపోయిన స్టూలు

ఫర్నిచర్ ఫ్యాక్టరీలో కొత్త నమూనాలు తయారుచేసే గది ఆవిడది. మాటకి మాట సుత్తిదెబ్బలా అంటించే నోరు కాబట్టి అందరూ సుత్తక్క అంటారు.

చెల్లెలు బట్టల కొట్టులో పనిచేస్తుంది. కొట్లో గుడ్డ ముక్కకి కూడా ఒక అర ఉంది, అమ్మే ఆడపిల్లకే కూలబడే చోటు లేదు. సాయంత్రానికి కాళ్లు వాచి, చెప్పులు పట్టక, వాటిని చేత పట్టుకుని ఇంటికొచ్చేది. అది చూడలేకే సుత్తక్క, కౌంటరు కిందకి మడిచి తోసేసే తేలికపాటి స్టూలు చేసింది. చెల్లెలు పోరగా పోరగా కొట్టు ఓనరు, "నెలాఖరులోగా అరడజను తెస్తే వేయిస్తా. ఆ తర్వాత ఆ మాటెత్తొద్దు" అన్నాడు.

ఫ్యాక్టరీ పెద్దాయన నమూనా చూసి మురిసిపోయాడు. "నా పూర్తి మద్దతు నీకేనమ్మా!" అంటూ ఉన్న ఒక్క స్టూలూ తన గదికి పట్టుకుపోయి దానిమీద కూర్చున్నాడు. మద్దతు అక్కడితో సరి. పైపులడిగితే స్టోర్స్ మేనేజరు "చూద్దాం" అన్నాడు. వెల్డింగ్ మేనేజరైతే, "పాత ఆర్డర్లు నెత్తిమీదున్నాయి. ఆయన బాగుందన్నారు గానీ చెయ్యమన్నారా?" అన్నాడు.

నెలాఖరు ముంచుకొచ్చేసరికి సుత్తక్క పెద్దాయన గదిలోకి వెళ్లింది.

"సార్, కాస్త లేవండి. నమూనా కావాలి."

"దీనివల్ల నడుంనొప్పి తగ్గిందమ్మా!"

"మీ నడుంనొప్పి తగ్గింది. మా చెల్లి కాళ్లవాపు తగ్గలేదు. మీరు బాగుందన్నాక అందరూ బాగుందనే అంటున్నారు, పైపు ముక్క ఇచ్చే నాథుడు లేడు. ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని మా గదికి రండి."

ఆ ఫ్యాక్టరీలో మీటింగులంటే మెత్తటి కుర్చీలు, చల్లారిన టీలు, తెగని కబుర్లు. నమూనాల గదిలో కుర్చీలే లేవు; ఉన్న ఒక్క స్టూలూ సుత్తక్క తెచ్చి తన పక్కన పెట్టుకుంది. మేనేజర్లు తమ కష్టాలు ఏకరువు పెడుతుంటే పెద్దాయన ఈ కాలూ ఆ కాలూ మార్చుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఆ స్టూలు ఇటు తొయ్యి."

"పని తేలాక ఇస్తా సార్. కొట్లో పిల్లలు పొద్దస్తమానం ఇలాగే ఉంటారు."

పెద్దాయన మొహం కందగడ్డైంది. మోకాలు రుద్దుకుని వెల్డింగ్ మేనేజరు వైపు తిరిగాడు.

"రేపు వెల్డింగ్ లైను ఈ స్టూళ్లకివ్వు. పాత ఆర్డరు ఆలస్యమైతే ఆ మాటలు నేను పడతా." స్టోర్స్ మేనేజర్ని చూసి, "పైపులు ఇప్పుడే దింపించు" అన్నాడు.

పైవాళ్లు భుజం తడితే సరుకు తయారవదు, భుజం కాస్తే అవుతుంది. నిలబడి కాళ్లు లాగితే గానీ వాళ్లకి ఆ సంగతి తెలియకపోవడం మన ఖర్మ.

స్టూళ్లు చెప్పిన గడువుకే కొట్టు చేరాయి. ఆ సాయంత్రం చెల్లెలు చెప్పులు టకటకలాడించుకుంటూ గుమ్మమెక్కింది.

"చెప్పులు కాళ్లకే ఉన్నాయే!" అంటూ సుత్తక్క వంగి చూసింది.

"ఉన్నాయి గానీ అక్కా, ఇంకోటి చెయ్యవే. ఒకటి మా ఓనరు పట్టుకుపోయాడు."