వెదురుపొట్టు జాడీలో ఇప్పపువ్వు

మొన్న పత్రికలో వరిగడ్డి నుంచి ఇంధనం తీసే కర్మాగారం సంగతి చదివి మా మనవరాలు, "తాతా, గిది నువ్వెప్పుడో చేసినవట గదా!" అని మురిసిపోయింది. తలూపాను గానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కాగజ్‌నగర్ పొలిమేరన ఒక చిన్న ప్రయోగశాలలో చేరాను. వెదురుపొట్టును సున్నపునీళ్ళలో ఉడకబెట్టి, పేడలోంచి పెంచిన సూక్ష్మజీవులను అందులో వదిలి, మూత బిగించిన జాడీని వెచ్చగా ఊకలో పాతి, పులిశాక స్పిరిటు తీయడం మా పని. పీచు తినే ఆ జీవులు నా మాట వింటే కదా! ఏడాదైనా దీపం వెలిగేంత స్పిరిటు రాలేదు. ఏదో ఒకటి చూపకపోతే నా తాత్కాలిక ఉద్యోగం ఊడుతుంది, కరీంనగర్‌లో మా బాపు చూస్తే కొడుకు సైంటిస్టయ్యాడని అప్పటికే వాడంతా చాటాడు.

జాడీలు కడిగి ఊక మార్చే పెద్దామెను, కన్నతల్లిని పిలిచినట్టే, అవ్వా అనేవాణ్ణి. అడవి పక్క గూడెం నుంచి రోజూ నడిచి వచ్చేది. ఒక వారం స్పిరిటు ఉన్నట్టుండి దండిగా వచ్చింది. ఆగలేక పైకి నివేదిక పంపాను, ఉద్యోగం ఖాయం చేస్తామనీ, పెద్ద అధికారి స్వయంగా చూడవస్తారనీ జవాబు వచ్చింది. చదివి వినిపిస్తే అవ్వ నాకన్నా సంబరపడింది.

"జాడీ పొంగుతలేదని రెండు దోసిళ్ళ ఇప్పపువ్వు నేనే ఏసిన సారూ. మా గూడెంల సార కాసేటప్పుడు గట్లనే ఏస్తం."

అంటే ఆ స్పిరిటు వచ్చింది పొట్టు నుంచి కాదు, పువ్వులోని తీపి నుంచి. ఇక ఏమీ వేయవద్దని ఆమెకు చెప్పాను గానీ, నిజం రాస్తూ ఇంకో ఉత్తరం మాత్రం పంపలేదు. అధికారి ఎదుట జాడీ తెరిస్తే పుల్లని వాసన తప్ప ఏమీ లేదు. ఆయన నా వైపు చూశాడు. పక్కనున్న అవ్వను చూపి, ఈమె మూత తీసి పాడుచేసిందన్నాను. ఆ జాడీని ఆమె ముట్టనైనా లేదు. ఎంత నీచుణ్ణి!

అక్కడికక్కడే ఆమెను తీసేశారు. పువ్వు సంగతి ఆమె ఒక్క ముక్క చెబితే పోయేది నా ఉద్యోగమే, అయినా ఆ మాట ఎత్తలేదు. గడప దాటుతూ మాత్రం ఆగి, "రేపు ఊక మార్చాలె సారూ, మరువకు," అంది.

మొదటి నివేదిక అలాగే నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. ఆ రోజుల్లో గూడేనికి నాలుగు మైళ్ళ కాలిబాట, ఎవరు నడుస్తారులే అని సాకు చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఆమె గూడెం దాకా కార్లు పోయే తారురోడ్డు పడిందట. పోయి, అవ్వా అని ఎవరిని పిలవను?